ఎస్‌ఏపీలో ఒకే సిస్టమ్‌కి ఇన్ని క్లయింట్లు ఎందుకు?

భీమవరంలో రొయ్యల ఎగుమతి కంపెనీ ఒకటి ఎస్‌ఏపీ (కంపెనీ లెక్కలు, అమ్మకాలు, సరుకు అన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుందనుకోండి. డెవలప్‌మెంట్ సిస్టమ్‌లో, అంటే సెట్టింగులు, ప్రోగ్రాములు తయారుచేసుకునే చోట, 100, 110 అని రెండు క్లయింట్లు (ఒకే సిస్టమ్‌లో విడివిడి గదుల్లాంటివి) దేనికన్నదే కదా ప్రశ్న. డేటాబేస్ ఒకటే అయినా 100లో వేసిన బిల్లు 110లో కనబడదు. లావాదేవీల టేబుళ్లలో మొదటి ఫీల్డు మాండ్ట్, అంటే క్లయింట్ నంబరు. మీరు ఏ నంబరుతో లాగిన్ అయితే ఆ వరుసలే వస్తాయి. యూజర్లు, పాస్‌వర్డులు కూడా ఎక్కడివక్కడే.

100లో సెట్టింగులు మాత్రమే చేస్తారు. 30 కౌంటు, 40 కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరల లెక్క సరిగా వస్తోందో లేదో చూడాలంటే, ఆ సెట్టింగుల్ని ఎస్‌సీసీ1 అనే ఎస్‌ఏపీ కమాండ్‌తో 110కి తెచ్చి అక్కడ ఎన్ని ఉత్తుత్తి బిల్లులైనా వేసుకోవచ్చు. 100లోనే పోస్టింగులు (ఖాతాల్లో లావాదేవీల నమోదులు) పడ్డాయా, కంపెనీ కోడ్ (విడిగా లెక్కలు రాసే ఒక్కో సంస్థకి ఇచ్చే గుర్తు) కరెన్సీ లాంటివి ఇక మార్చడం కుదరదు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడ: అబాప్ (ఎస్‌ఏపీ సొంత ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రాములు, టేబుళ్ల నిర్మాణం అన్ని క్లయింట్లకీ ఉమ్మడి. ఫ్యాక్టరీ క్యాలెండర్ కూడా అంతే. 110లో సరదాగా సంక్రాంతి సెలవులు తీసేస్తే 100లోనూ పోతాయి. అందుకే అసలు వ్యాపారం నడిచే ప్రొడక్షన్‌ని ఇంకో క్లయింట్‌గా కాక, వేరే సిస్టమ్‌గానే పెట్టి, క్లయింట్ సెట్టింగుల కమాండ్ ఎస్‌సీసీ4లో మార్పులకు తాళం వేస్తారు.

అమలాపురంలో ఇంకో కంపెనీ తెరిచారా? దానికి క్లయింట్ అక్కర్లేదు, కంపెనీ కోడ్ చాలు. క్లయింట్ విడదీస్తే రెంటి లెక్కలూ ఒకే రిపోర్టులో తీయడం తలనొప్పే.