రెండడుగుల అక్వేరియంలో ఏ చేపలు వేయాలి? ముందు ఆ చేప పెద్దయ్యాక ఎంతవుతుందో అడగండి

రెండడుగుల ట్యాంకు కొన్నానని, షాపతను రెండు గోల్డ్ ఫిష్‌లు, నాలుగు షార్క్‌లు, నాచు తినడానికి ఒక సక్కర్ ఇస్తానంటున్నాడని, అవి సరిపోతాయా అని అడిగారు. సరిపోవు. ఆ మూడు రకాల్లో ఒక్కటి కూడా ఆ ట్యాంకులో పెరగాల్సిన చేప కాదు.

మీ ట్యాంకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అనుకుందాం. 60, 30, 30 సెంటీమీటర్లు గుణించి వెయ్యితో భాగిస్తే 54 లీటర్లు. అడుగున రాళ్లు, పైన వదిలే ఖాళీ పోను నికరంగా నీళ్లు పట్టేది 45 లీటర్ల దగ్గర. అంటే రెండు బిందెల నీళ్లకు కాస్త ఎక్కువ. కొనేముందు ఈ లెక్క వేసుకోండి. షాపులో కనిపించే రెండంగుళాల పిల్లను చూసి ట్యాంకు నిర్ణయించడం, పసివాడి కొలతకు చొక్కా కుట్టించి పెళ్లిదాకా అదే వేసుకోమనడం లాంటిది.

ఇక షార్క్‌ల సంగతి. మా అక్కావాళ్లు కూకట్‌పల్లిలో ఫ్లాట్ కొన్నప్పుడు గృహప్రవేశానికి ఎవరో సరిగ్గా ఇలాంటి ట్యాంకే బహుమతిగా ఇచ్చారు. బావ అందులో ఆరు షార్క్‌లు తెచ్చి వేశాడు. వెండి రంగు, నున్నటి ఒళ్లు, నిటారుగా నిలిచే వీపు రెక్క, పిల్లలు చూడగానే పడిపోయే చేప. మా మేనమామది కైకలూరు దగ్గర. ఏళ్ల తరబడి చేపల చెరువులే ఆయన బతుకు. మోకాళ్ల డాక్టరుకు చూపించుకోడానికి హైదరాబాద్ వచ్చి అక్కావాళ్లింట్లో దిగాడు, నేనూ వెళ్లాను. సాయంత్రం అక్క హాల్లో లైటు వేయగానే ఆరు చేపలూ ఒక్కసారిగా బెదిరి టపటపా అద్దానికి కొట్టుకున్నాయి. మావయ్య కుర్చీ లాక్కుని ట్యాంకు ముందు కూర్చుని చాలాసేపు చూశాడు. రెండింటి మూతులు ఎర్రగా పుండు పడి ఉన్నాయి.

"ఏంటమ్మా ఇవి?" అన్నాడు.

"షార్క్స్ తాతయ్యా" అంది మా మేనకోడలు గర్వంగా.

"షార్కులేంటి తల్లీ, మన చెరువులో వేసే ఫంగస్ పిల్లలు ఇయ్యి."

నిజమే. అక్వేరియం షాపుల్లో షార్క్ పేరుతో అమ్మే ఈ చేప, కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో లారీల కొద్దీ పండించే పంగాసియస్. దాన్నే వాడుకలో ఫంగస్ అంటారు. హోటళ్లలో ముల్లు లేని బాసా అని వడ్డించేదీ చాలావరకు ఇదే. దీని సొంతూరు ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నది. మీటరు దాటి పెరిగే జాతి. పెళ్లి భోజనానికి వండే చేపను రెండు బిందెల నీళ్లలో పెట్టి పెంచమని అమ్ముతున్నారు.

బావ ఒప్పుకోలేదు. "ఇన్నాళ్లయినా ఒక్కటీ చావలేదండీ మావయ్యగారూ, బానే ఉన్నాయి కదా" అన్నాడు.

మావయ్య చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్వేరియం పాఠంలా పనికొస్తోంది. "ఇది పైకొచ్చి గాలి మింగుద్ది అల్లుడూ. నీళ్లు చెడినా అంత తొందరగా చావదు. చావట్లేదు గాబట్టి బావుందనుకుంటున్నారు మీరు. చెరువులో మనిషి నీడ పడితే చాలు అవతలి గట్టుకి పోద్ది. ఇక్కడ ఎక్కడికి పోద్ది? అద్దానికే."

మేనకోడలు వాటిని తాతయ్య చెరువులో వదిలేద్దామంది. మావయ్య ససేమిరా అన్నాడు. షాపు నీళ్ల నుంచి తెల్లమచ్చ రోగమో, చేప పేనో తగులుకుంటే చెరువు మొత్తం పోతుందని. చివరికి బావ వాటిని షాపులోనే తిరిగి ఇచ్చేశాడు. షాపతను డబ్బులివ్వలేదు, సరే. మరో రోజు నేను అటు వెళ్తే, మూతి పుండున్న ఆ చేపలే మళ్లీ అమ్మకానికి పెట్టి ఉన్నాయి. అక్కడ నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. అగ్గిపెట్టె మీద కూడా అన్ని వివరాలు రాస్తారు కదా, ప్రాణమున్న చేప అమ్మేటప్పుడు పెద్దయ్యాక ఎంత పొడవు, ఎంత ట్యాంకు కావాలి అని ఒక్క ముక్క ట్యాంకు మీద అతికిస్తే ఏం పోతుంది? మన చెరువుల్లో పెంచే రూప్‌చంద్ పిల్లల్ని ఎర్ర పొట్ట చూపించి పిరానా అని అమ్మే షాపులు కూడా చూశాను. ఫ్లవర్‌హార్న్, అరోవానా అయితే వాస్తు పేరు చెప్పి అంటగడతారు. అడుగు పెరిగే చేప ఒకటి, మూడడుగుల దాకా పెరిగే చేప ఇంకొకటి. అంత చేపను ఇరుకున పెట్టి ఇంటికి శుభం జరుగుతుందంటే నేను నమ్మను.

గోల్డ్ ఫిష్ మీద కూడా జాలేస్తుంది. మామూలు గోల్డ్ ఫిష్ అడుగు దాకా పెరుగుతుంది, పొట్ట గుండ్రంగా ఉండే రకాలు ఆరేడు అంగుళాలు. బాగా చూసుకుంటే పదేళ్లు దాటి బతికే జీవి మన ఇళ్లలో గాజు గిన్నెలో వారాలకే పోతోంది. ట్యాంకు ఎంతుంటే చేప అంతే పెరుగుతుందని ఎవరైనా అంటే వినకండి. వ్యర్థాలు పేరుకున్న నీళ్లలో చేప గిడసబారిపోతుంది, అది సర్దుకోవడం కాదు, జబ్బు.

సక్కర్ చిన్నప్పుడు కొంత నాచు గీకుతుంది. పెరిగి అడుగు దాటాక జనం ఏం చేస్తున్నారో తెలుసా? తీసుకెళ్లి చెరువులోనో కాలువలోనో వదిలేస్తున్నారు. దెయ్యం చేప అని మత్స్యకారులు తిట్టుకునేది దీన్నే. ఒంటినిండా గట్టి పలకలు, ముళ్లు, వలలు చింపేస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్ఏ ఆధారంగా తూర్పు కనుమల ప్రాంతపు జలాశయాల్లో వెతికితే సగానికి పైగా చోట్ల ఇది బయటపడింది. దయచేసి కొనకండి, ఇప్పటికే ఉంటే నీళ్లలో వదలకండి.

గ్యాలనుకు ఒక అంగుళం చేప అనే లెక్క కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. మీ ట్యాంకు 54 లీటర్లంటే సుమారు 14 గ్యాలన్లు. ఆ లెక్కన ఆస్కార్ అనే పదంగుళాల చేపను వేయొచ్చు! అడుగు వెడల్పు ట్యాంకులో అది సరిగ్గా వెనక్కి తిరగనైనా లేదు. అంగుళం చేపలు పది వేరు, పదంగుళాల చేప ఒకటి వేరు. పొడవుతో పాటు లావూ ఎత్తూ కూడా పెరుగుతాయి కాబట్టి బరువు, తిండి, మలం ఎన్నో రెట్లు ఎక్కువ. రెండంగుళాలు దాటని చేపలకైతే ఆ లెక్క కొంతవరకు పనిచేస్తుంది.

మన ఎండలు కూడా లెక్కలో వేసుకోవాలి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు దిగుతుంది. మే నెలలో కరెంటు పోయి గాలి మోటారు ఆగితే కిక్కిరిసిన ట్యాంకులో చేపలు ఒక్క రాత్రికే తేలిపోతాయి. అందుకే ఎన్ని పడతాయని కాకుండా, కరెంటు లేకపోయినా ఎన్ని తట్టుకుంటాయని చూడండి.

మీవి బోరు నీళ్లైతే, ఉప్పుగా, సబ్బు నురగ సరిగా రాని గట్టి నీళ్లైతే, మగ గప్పీలు ఎనిమిదో పదో వేసుకోండి. ఆడవి కలిపితే నెలకో ఈత పిల్లలు పెడతాయి, ట్యాంకు మళ్లీ నిండిపోతుంది. కాస్త మెత్తని మంచినీళ్లు వస్తుంటే జీబ్రా డానియోలు ఓ ఎనిమిది. అవి గంగా, బ్రహ్మపుత్ర ప్రాంతాల మన చేపలే, గుంపుగా ఉంటేనే హుషారు. వాటితో హనీ గౌరమీ జత ఒకటి. అంతే, ఇంకేమీ వద్దు. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోవడానికి మందు చుక్కలు తప్పనిసరి. మొదట మూడు నాలుగు చేపలతో మొదలుపెట్టి, ఫిల్టరులో మేలుచేసే బాక్టీరియా కుదురుకోడానికి నెల, నెలన్నర ఆగి మిగతావి తెచ్చుకోండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. షాపతను ఇస్తానన్న షార్క్‌లు మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.