క్విజ్ పెడతావంట కదా, పద్మా

అనంతపురం

పద్మా,

ఆగస్టు 15కు పత్తికొండలో నువ్వు పిల్లలకు క్విజ్ పెడతావంట, మైకు కూడా నువ్వే పట్టుకుంటావంట. మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. సంతోషమే అనుకో. ఏడో తరగతిలో ప్రార్థనలో వార్తలు చదవమంటే ఏడ్చి ఇంటికి పరిగెత్తిన పిల్లవి నువ్వు. కానీ మైకు సంగతి నాకు తెలుసు. ఫోన్లో చెబితే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తా ఉండా.

జట్టుకు ముగ్గురు చాలు. టైము చూసేదానికి ఒకరు, బోర్డు మీద మార్కులు వేసేదానికి ఒకరు. రెండు జట్లు సమానంగా వస్తే అడిగేదానికి ఐదు ప్రశ్నలు పక్కన పెట్టుకో. ఇంతే.

మీ అమ్మ నీ ప్రశ్నల కాగితం ఫోటో తీసి పంపింది. కంపెనీల పేర్ల రౌండు బాగుంది. ఊర్లో మన్ను తవ్వే బండి ఏది వచ్చినా జేసీబీ అనే అంటాం. అది జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే ఇంగ్లీషాయన పొడి అక్షరాలని చెబితే పిల్లలు నోరు తెరుస్తారు. బాటా ప్రశ్న కూడా ఉండనీ. అది మన కంపెనీ అనుకునేవాళ్లే ఎక్కువ. 1894లో ఇప్పటి చెక్ దేశంలో, జ్లీన్ అనే ఊర్లో పుట్టింది.

బేస్‌బాల్ ఎందుకే? మన పిల్లల్లో ఆ బ్యాటు పట్టినోళ్లు ఎంతమంది? కొట్టేద్దామని పెన్ను తీసినా, కానీ ఆ బంతికి ఎర్ర దారంతో 108 జంట కుట్లు ఉంటాయన్నది చదివి ఆగిపోయినా. 108 అంటే మనకు అష్టోత్తరం కదా, ఇంగ ఎవరు మర్చిపోతారు? బంతి విసిరేవాడికీ కొట్టేవాడికీ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. మన క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి అడుగు.

ఇప్పుడు అసలు సంగతి. 1988లో నేను కర్నూల్లో సోషల్ మాస్టర్ని. బడిలో క్విజ్ పెట్టినాం, మైకు నాదే. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. చివరి రౌండులో "ఆంధ్ర మొదటి ముఖ్యమంత్రి ఎవరు?" అని అడిగినా. ఎనిమిదో తరగతి పిల్లోడొకడు, నిక్కరుకు పిన్నీసు పెట్టుకున్నోడు, నా మాట అయ్యీ కాకముందే లేచి "ప్రకాశం పంతులు సార్" అన్నాడు. నా కాగితంలో నీలం సంజీవరెడ్డి అని ఉంది. తప్పు అన్నా. వాడు కూర్చోలేదు. "మా తాత డేరాల్లో బంట్రోతుగా చేసినాడు సార్, పంతులుగారికి నీళ్లిచ్చినాడంట" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. "మీ తాతను అడగలేదు నాయనా, కూర్చో" అన్నా.

ఆ డేరాల కథ నీకు తెలిసిందే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. కట్టడాలు చాలక ఆఫీసులు డేరాల్లో నడిచినాయి. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. 1956 నవంబరు 1న తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయినాక, దానికి మొదటి ముఖ్యమంత్రి సంజీవరెడ్డి. నేను ఆంధ్ర అని అడిగి, ఆంధ్రప్రదేశ్ జవాబు పెట్టుకున్నా. అదీ కర్నూల్లో నిలబడి! తెలియక చేసింది కాదు, ఏళ్ల తరబడి చెప్పిన పాఠమే. సిగ్గు విడిచి ఇంకో మాట చెబుతా. సంజీవరెడ్డి మా జిల్లా ఇల్లూరు మనిషి. కాగితం మీద ఆ పేరు కనబడేసరికి నాకు ఇంగ వేరే ఆలోచన రాలేదు.

వాడి జట్టు ఆ ఒక్క ప్రశ్నతో ఓడిపోయింది. గెలిచినోళ్లకు స్టీలు టిఫిన్ డబ్బాలు ఇచ్చినాం. రాత్రి మీ అత్త మజ్జిగ పోస్తా ఉంటే తట్టింది నాకు. ముద్ద దిగలేదు. సోమవారం వాణ్ణి వరండాలోకి పిలిచి "నువ్వు చెప్పిందే కరెక్టురా" అన్నా. నేల చూస్తా "మీరేమంటే అదే సార్" అన్నాడు. డబ్బా కొనిచ్చినా, తీసుకున్నాడు. ఆ సంవత్సరమంతా నా క్లాసులో చెయ్యెత్తలేదు. తప్పు అన్నది బడి మొత్తం ముందర, ఒప్పు అన్నది వరండాలో ఎవరూ లేనప్పుడు. ప్రార్థనలో చెప్పాల్సింది. హెడ్మాస్టరు ఏమనుకుంటాడో అని నోరు మూసుకున్నా.

అందుకే, కాగితంలో లేని జవాబు వస్తే వెంటనే తప్పు అనొద్దు. ఎందుకట్ల చెప్పినావని అడుగు. చెప్పనీ.

నీ కాగితంలోనూ అట్లాంటివి ఉండాయి. తిమ్మమ్మ మర్రిమాను ఏ జిల్లా అంటే అనంతపురం అని రాసినావు. 2022 నుంచి కదిరి దిక్కంతా శ్రీ సత్యసాయి జిల్లా కదే! నా నోటికీ ఇంకా అనంతపురం అనే వస్తుందిలే. చిన్నప్పుడు నిన్ను అక్కడికి తీసుకుపోతే మొదలు మాను ఏదని మధ్యాహ్నం దాకా వెతికినావు, ఊడలన్నీ మాన్లే అయిపోయి. దాదాపు ఐదెకరాలు, గిన్నిస్ పుస్తకంలోకి 1989లో ఎక్కింది. జిల్లా వద్దు, ఇది అడుగు. రాష్ట్ర పక్షి పాలపిట్ట కాదు, 2018 నుంచి మనకు రామచిలుక. పాలపిట్ట తెలంగాణది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15 అని మేమూ చదువుకున్నాం. తర్వాత సెన్సారు కాగితాలు దొరికి 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. పిల్లల్లో సగం మంది ఒకటి, సగం మంది ఇంకొకటి చెబుతారు. తేదీ వదిలేసి డైరెక్టరు హెచ్.ఎం. రెడ్డి పేరు అడుగు.

చరిత్రలో మీ పత్తికొండ లేదేమే? మద్రాసు గవర్నరు మన్రో 1827లో కలరా తగిలి చనిపోయింది ఆ ఊర్లోనే. చేర్చు.

మీ అత్త మురుకులు చేస్తా ఉంది. ఓడిపోయిన జట్లకు ముందు పెట్టమంటుంది. నేనూ పొద్దున బస్సుకు వస్తా. వెనకాల కూర్చుంటా, నోరు తెరవను. చెయ్యెత్తితే మాత్రం ఒకసారి నా దిక్కు చూడు.

మీ మామ