నా దగ్గరున్నవి జవాబులే

వెస్ట్ మాంబళం, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మూర్ మార్కెట్ పాత పుస్తకాల కొట్టాయన గురించి రాయాలని ఈ రోజుల్లో ఒకరికి తోచడమే నాకు సంతోషం. కానీ అమ్మాయీ, నీ వ్యాసంలో ఆయన ఉపన్యాసాలిస్తున్నాడు. అనువాదం మీద పేజీన్నర మాట్లాడించావు. నేనెరిగిన మనిషి పుస్తకం దుమ్ము దులిపి చేతిలో పెట్టి, ధర చెప్పి, పక్క గిరాకీ వైపు తిరిగేవాడు.

ఆయన నాకు రాసిన పోస్టుకార్డు ఒకటి ఉన్నదున్నట్టు దింపుతున్నాను, చూడు. "మీరడిగింది దొరికింది. అట్ట లేదు. చివరి నాలుగాకులు చెద. ఎనిమిది రూపాయలు. పాత బాకీ పద్నాలుగు. ఆ మాటకి అర్థం అది కాదు. మా నాయనమ్మ వాడేది. వచ్చినప్పుడు చెబుతా." అంతే. తేదీ లేదు. ఆయన జన్మలో తేదీ వెయ్యలేదు, పోస్టాఫీసు ముద్రే దిక్కు. అందుకే ఇన్‌లాండ్ లెటర్లైనా సరే, ముద్ర ఉన్న వైపు కూడా ఫొటో తియ్యమని నీకు చెప్పింది. నువ్వు రాత ఉన్న వైపే తీసుకెళ్ళావు.

ఇంతకీ ఏ మాటకి అర్థం? నేనేమని అడిగాను? నాకు గుర్తులేదు. నా ఉత్తరాలు ఆయన కొట్లో గల్లాపెట్టె కింద ఒక చెక్కపెట్టెలో ఉండేవి. 1985 మేలో మార్కెట్ తగలబడినప్పుడు దానితోపాటే పోయాయి. ఆ ఎర్ర ఇటుకల కట్టడం ఉన్నచోటే ఇప్పుడు సబర్బన్ రైళ్ళ స్టేషన్. నువ్వు రోజూ రైలెక్కేది అక్కడే. కొట్లవాళ్ళకి పక్కన లిల్లీ పాండ్ కాంప్లెక్సులో చోటిచ్చారు గానీ, మావాడు మళ్ళీ కొట్టు తెరవలేదు.

కాబట్టి నా ట్రంకుపెట్టెలో ఉన్నది సగం సంభాషణ. అన్నీ జవాబులే. ప్రశ్నలు లేవు. నీకు చిక్కు వచ్చింది ఇక్కడే. తాళపత్రంలో ఒక మాట పురుగు తినేస్తే, దాన్ని అచ్చుకి సిద్ధం చేసే పరిష్కర్త అక్కడ చుక్కలు పెడతాడు, సొంత కవిత్వం పెట్టడు. నువ్వు చుక్కలు పెట్టాల్సిన చోటల్లా కవిత్వం పెట్టావు. బాగానే ఉంది, కాదనను. కానీ అది ఆయనది కాదు.

నా మీద గౌరవం కొద్దీ బాకీ సంగతి ఎగరగొట్టావు. పెట్టు. ఇరవై రెండేళ్ళలో నా ఖాతా పూర్తిగా తీరిన నెల ఒక్కటీ లేదు. తీరిపోతే నేను మళ్ళీ రానేమోనని ఆయనే కావాలని కొత్త పుస్తకం అంటగట్టేవాడని మా ఆవిడ అనేది. నిజమేనేమో. ఆయన రాసిచ్చిన ఆ బాకీ చీటీలన్నీ వరసగా పేరిస్తే నేను ఏ ఏడాది ఏం చదివానో, ఏం అనువదించబోయి మానేశానో తెలిసిపోతుంది. నా డైరీలో కూడా అంత నిజం లేదు.

ఒకసారి ఈ పెట్టెను ఒక సంస్థకి ఇవ్వబోయాను. ఉత్తరాలు ఉంచుకుని చీటీలు, రసీదులు కవర్లో పెట్టి వెనక్కిచ్చారు, "ఇవి సాహిత్యం కాదు సార్" అని. మొత్తం తిరిగి తెచ్చుకున్నాను. పారిస్‌లో సిల్వియా బీచ్ అని ఒకావిడ 1919లో పుస్తకాల కొట్టు పెట్టింది. ఐరిష్ రచయిత జాయిస్ నవల 'యులిసీస్' ఎవరూ వెయ్యకపోతే 1922లో తనే వేసింది. ఆమె కాగితాలు అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటిలో ఏమున్నాయనుకున్నావు? అద్దె పుస్తకాల కార్డులు! అమెరికన్ నవలాకారుడు హెమింగ్వే ఏ పుస్తకం ఎప్పుడు పట్టుకెళ్ళాడో, ఎప్పుడు తిరిగిచ్చాడో వాటిలో ఉంది. ఫ్రెంచి కవి వాలెరీని ఇంగ్లీషులోకి తెచ్చిన జాక్సన్ మాథ్యూస్ ఆమెకి స్నేహితుడు. 1962లో ఆమె పోయాక ఆమె గురించిన జ్ఞాపకాలు పోగేసినవాళ్ళలో ఆయనొకడు. అనువాదకులకీ పుస్తకాలమ్మేవాళ్ళకీ ఈ చుట్టరికం మామూలే. మనకి కావలసిన మాట ఎక్కడ దొరుకుతుందో వాళ్ళకే తెలుస్తుంది మరి. పాత పుస్తకాలు పోగేసిన మన కోట్టయూరు రోజా ముత్తయ్య చెట్టియార్ కూడా పుస్తకాలతో సరిపెట్టుకోలేదు. పెళ్ళి శుభలేఖలు, నాటకాల నోటీసులు దాచాడు కాబట్టే ఇవాళ ఇక్కడ తరమణిలో ఆయన పేరున్న లైబ్రరీలో మనం వాటిని చూడగలుగుతున్నాం.

ఇంకో మాట. చిరిగిన కార్డుకి నువ్వు సెల్లోటేపు వేశావు. మంచి ఉద్దేశమే. కానీ నాలుగేళ్ళకి జిగురు పసుప్పచ్చగా మారి అక్షరాల్ని మింగేస్తుంది. లామినేషన్ మాట అసలెత్తకు. వెనకాల ఏదైనా రాసుకోవాలంటే పెన్సిలుతో మెల్లగా రాసుకో.

ఆదివారం పొద్దున రా. బాకీ చీటీలు ముందు చూద్దాం, ఉత్తరాలు తరవాత. ట్రంకుపెట్టె తాళంచెవి మా కోడలి దగ్గరుంది. తను తొమ్మిదింటికల్లా గుడికి వెళ్ళిపోతుంది, ఆలోపు ఫోన్ చెయ్యి.