సగం ఫోటో నల్లగా వస్తుంటే: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

తమ్ముడూ, రాయగడ పెళ్లిలో నీ నికాన్ డి5600 కెమెరా ఫోటోల కింది సగం నల్లగా వచ్చిందన్నావు. బాడీ (లెన్సు కాకుండా కెమెరా) మార్చెయ్యమని షాపువాడు చెప్పాడని అప్పుడే అప్పు చెయ్యకు.

ముందు ఫ్లాష్ తీసేసి, పగటి వెలుగులో నాలుగు ఫోటోలు తియ్యి. అన్నీ బాగుంటే కెమెరా తప్పేం లేదు. దీని ఫ్లాష్ సింక్, అంటే ఫ్లాష్‌తో వాడగల అత్యధిక షట్టర్ (వెలుగును లోపలికి వదిలే తెర) వేగం, 1/200 సెకను. మామూలు ట్రిగ్గర్ (ఫ్లాష్‌ను వెలిగించే పరికరం) పెట్టి అంతకన్నా వేగంగా కొడితే నల్ల పట్టీ వచ్చి తీరుతుంది. ఫ్లాష్ లేకపోయినా వస్తోందా? అయితే వీడియో తీసి చూడు. వీడియోలో షట్టర్ తెరిచే ఉంటుంది కాబట్టి బొమ్మ నిండుగా వస్తే సెన్సర్ (వెలుగును బొమ్మగా మార్చే చిప్) బాగున్నట్టే, రోగం చాలావరకు షట్టర్‌దే. షట్టర్ రెక్కల్ని మాత్రం వేలితో ముట్టకు.

ఈ మోడల్ షట్టర్‌ను కంపెనీ 1,00,000 క్లిక్కులకు పరీక్షించింది. కెమెరా తీసిన జేపెగ్ ఫోటో ఫైల్లోనే నువ్వు ఎన్ని క్లిక్కులు కొట్టావో ఆ లెక్క ఉంటుంది, షట్టర్ కౌంట్ చూపే సైటులో పెడితే తెలుస్తుంది. పెళ్లిళ్లు తీసేవాడివి, దాటేసే ఉంటావులే.

రాయగడ నుంచి విజయనగరం మీదుగా విశాఖకి రైలుంది. అక్కడ కెమెరా బాగు చేసే చోట ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకో. అదే మోడల్ వాడిన బాడీ ధరలో సగం లోపైతే బాగు చేయించు. దాటితే వాడిన నికాన్ డి7200 చూడు, నీ లెన్సులు దానికీ పడతాయి, షట్టర్ కూడా 1,50,000 క్లిక్కులకు పరీక్షించినది. సెన్సర్ పోయుంటే మాత్రం రిపేరు మాటే వద్దు.

ఇచ్చేటప్పుడు మెమరీ కార్డు తీసేసుకో, మార్చిన పాత షట్టర్ తిరిగి అడుగు.