ఆ గోడల్ని ఇంకోసారి చూడు తమ్ముడూ

తమ్ముడూ,

ఇంగ్లీష్ సింగర్ హ్యారీ స్టైల్స్ 'యాజ్ ఇట్ వాజ్' పాట వీడియో మీద నువ్వు రాసి పంపింది రాత్రే చదివేశా. పాటంటే నీకెంత పిచ్చో ప్రతి లైన్లోనూ తెలుస్తోంది, ఆ ఇష్టం మాత్రం ఎప్పటికీ పోగొట్టుకోకు. కానీ "ప్రాణం లేని కాంక్రీట్ గోడలు అతని ఒంటరితనానికి అద్దం పడుతున్నాయి" అన్నావు చూడు, అక్కడ ఆగిపోయా. ఈ మాట ఏ బూడిదరంగు బిల్డింగ్‌కైనా అతికించేయొచ్చు కదా.

వీడియోలో నువ్వు చూసిన ఆ గోడలు లండన్‌లోని బార్బికన్‌వి. 1940 డిసెంబర్లో జర్మన్ బాంబులకి తగలబడిపోయిన చోట, మళ్లీ జనం వచ్చి కాపురాలుండాలని కట్టిన ఇళ్లు. ఇలా కాంక్రీట్‌ని దాచకుండా కట్టే పద్ధతిని బ్రూటలిజం అంటారు, ఆ పేరు చూసి క్రూరత్వం అనుకోకు, పూత పూయని కాంక్రీట్‌ని ఫ్రెంచ్‌లో బెటాన్ బ్రూ అంటారు, అందులోంచి వచ్చిందది. ఇంక ఆ గోడల గరుకు ఉంది చూశావా, కాంక్రీట్ గట్టిపడ్డాక పనివాళ్లు సుత్తులు పట్టుకుని పైపొర చెక్కేసి లోపలి కంకర బయటపడేలా చేశారు, మన ఊళ్లో తిరగలికి కక్కు కొడతారే అచ్చం అలా, అంతంత పెద్ద గోడలకి! అన్ని చేతులు పడ్డ గోడని ప్రాణం లేనిదని నేనైతే రాయలేను.

మరి ఆ దిగులు ఎక్కణ్ణించి వస్తోందో వెతుకు. పాట నిమిషానికి 174 బీట్లతో పరిగెడుతుంది, ఆ సింథసైజర్ ట్యూన్‌కి గంతులేయాలనిపిస్తుంది, మాటలేమో ఏదీ ఇదివరకటిలా లేదంటాయి. గుండ్రంగా తిరిగే స్టేజీ మీద ఎర్ర బట్టల్లో అతను, నీలం బట్టల్లో ఒకమ్మాయి, ఒకళ్లనొకళ్లు అందుకోబోతారు, కాళ్ల కింద నేల మాత్రం ఆగదు. నాకైతే ఆ ఒక్క సీన్ మీదే పేజీ రాయాలనిపిస్తుంది.

ఇంకోటి నువ్వసలు పట్టించుకోలేదు, లండన్ జూలో పెంగ్విన్ పూల్. బ్రూటలిజం కంటే ముందుది, 1934లో ఆర్కిటెక్ట్ లుబెట్కిన్ వాళ్ల టీమ్ కట్టింది, రెండు సన్నటి కాంక్రీట్ ర్యాంపులు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ దిగుతాయి, మధ్యలో కింద ఒక్క స్తంభం కూడా ఉండదు. లోకమంతా మెచ్చుకున్న కట్టడమే, అయినా 2004లో పెంగ్విన్లని వేరే చోటికి మార్చారు, మళ్లీ అక్కడికి తేలేదు. ఖాళీగా ఉన్న ఆ చోట అతను డాన్స్ చేస్తాడురా!

ఈసారి సౌండ్ ఆపేసి ఓ రెండుసార్లు చూడు, కనిపించిందే రాసుకో, ఒంటరితనం అన్న మాట ఎక్కడా వాడకుండా మళ్లీ రాసి పంపు. ఆదివారం ఇంట్లోనే ఉంటా, చదివి ఫోన్ చేస్తా.

మీ అన్నయ్య