‘కావాలని చేయలేదు కదా మామా?’

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 36 ఏళ్లు, పెళ్లి కాలేదు. స్పేర్ పార్టుల షాపు ఉంది. ఐదేళ్ల కిందట చిత్తూరు నుంచి వస్తుంటే మా కారు లారీని గుద్ది అక్కా, బావా చనిపోయారు. నడిపింది నేనే. నాలుగేళ్ల మేనల్లుడు ఆ రోజు ఇంట్లో మా అమ్మ దగ్గర ఉన్నాడు. అప్పటి నుంచి వాడిని నేనూ అమ్మా పెంచుతున్నాం. కారు సంగతి వాడికి చెప్పలేదు. చూస్తే బెంగ పెట్టుకుంటాడని అక్క ఫొటో బీరువాలో పెట్టేశాను. ఈ మధ్య ఇద్దరం ‘ద వైల్డ్ రోబో’ సినిమా చూశాం. అయిపోయాక ‘ఆ రోబో కావాలని చేయలేదు కదా మామా?’ అన్నాడు. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. వాడి నాయనమ్మేమో ‘నువ్వేమైనా కన్నావా?’ అంటుంది. పిల్లాడున్నాడని సంబంధాలు వెనక్కి పోతున్నాయి. వాడిని పెంచే అర్హత నాకుందా?

జవాబు: మీ ప్రశ్న కంటే మీ మేనల్లుడి ప్రశ్న దగ్గరే నా మనసు ఉండిపోయింది. 2024లో వచ్చిన ఆ సినిమాను నేనూ చూశాను. మనుషులు లేని దీవిలో చిక్కుకున్న రోజ్ అనే రోబో, ఎలుగుబంటి తరుముతుంటే జారి ఒక పెద్దబాతు గూటి మీద పడుతుంది. మిగిలేది ఒక్క గుడ్డు. అందులోంచి వచ్చిన పిల్ల రోబోనే అమ్మ అనుకుంటుంది. చలికాలం వలస మొదలయ్యేలోపు దానికి తినడం, ఈదడం, ఎగరడం నేర్పాలి. రోజ్ అన్నీ నేర్పింది. గూడు ఎలా పోయిందో మాత్రం ముందుగా చెప్పలేదు. ఆ మాట బయట తెలిశాక పిల్ల కోపంతో దూరం జరిగింది.

తొమ్మిదేళ్ల పిల్లలు తమ మనసులో ఉన్నది నేరుగా అడగలేక వేరేవాళ్ల మీద పెట్టి అడుగుతుంటారు. వాడు రోబో గురించే అడిగి ఉండొచ్చు. కానీ పెళ్లిళ్లలో, కర్మల్లో పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే పిల్లల చెవిన పడని సంగతి ఏముంటుంది? వాడు ఇప్పటికే ఏదో విని ఉంటే, మీకు అనుకూలమైన జవాబు కోసం చూస్తున్నాడు. ‘కావాలని చేయలేదు కదా’ అన్నాడు చూడండి, ఆ మాటలో కోపం కంటే ఆశే ఎక్కువ ఉంది. ఇంకొకరు చెప్పేలోపు మీరే చెప్పండి.

ఎదురెదురుగా కూర్చోబెట్టి చెప్పకండి. ఏదో ఒక ఆదివారం పొద్దున కపిలతీర్థం వైపు నడుచుకుంటూ వెళ్లండి. పక్కపక్కన నడుస్తుంటే ముఖంలోకి చూడక్కర్లేదు, ఇద్దరికీ తేలిక. ముందు ‘అమ్మానాన్నల గురించి నీకేం తెలుసు నాన్నా?’ అని అడిగి, వాడు చెప్పేది పూర్తిగా వినండి. ఆ తర్వాత చిన్న మాటల్లో: ‘ఆ రోజు కారు నేనే నడిపాను. కాపాడుకోలేకపోయాను. నీకు చెప్పడానికి ఇన్నాళ్లు భయపడ్డాను.’ అంతే. రక్తం, ఆసుపత్రి వివరాలు వద్దు. ‘నన్ను క్షమించావా?’ అని మాత్రం దయచేసి అడగకండి. అంత బరువు వాడి మీద పెట్టకూడదు. ఏడిస్తే ఏడవనివ్వండి. నాలుగు రోజులు మాట్లాడకపోయినా, నాయనమ్మ దగ్గరికి పోతానన్నా పంపించండి. రోజూ రాత్రి ఫోన్ చేయండి.

అర్హత అంటారా, పెద్దబాతు పిల్లలు పుట్టిన కొద్ది గంటల్లో ఎదుట కదిలేదాని వెంట పడిపోతాయి. కాన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త 1935లోనే దీని గురించి వివరంగా రాశాడు. మనిషి బిడ్డ అలా కాదు. అందులోనూ మీవాడు నాలుగేళ్లు అమ్మ చెయ్యి పట్టుకుని తిరిగి, ఆ తర్వాత మీ దగ్గరికి వచ్చాడు. ఈ ఐదేళ్లూ మీరు అన్నం పెట్టి, జ్వరం వస్తే మేలుకుని ఉంటేనే మీకు చేరువయ్యాడు. మనవైపు పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు పిల్లాడిని కూర్చోబెట్టేది మేనమామ ఒడిలోనే కదా. ఆ ప్రమాదంలో తప్పు ఎంతవరకు మీదో నేను తేల్చలేను. మీరు మాత్రం నిద్ర లేకుండా దీన్ని ఒంటరిగా మోయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

వాడి నాయనమ్మ మాట పట్టించుకోకండి అని నేననను. ఆమె కొడుకును పోగొట్టుకుంది. వాడిని తరచూ తీసుకెళ్లి చూపించండి, మాట దానంతటదే మెత్తబడుతుంది. పెళ్లి చూపుల్లో మాత్రం పిల్లాడి సంగతి మొదటి మాటగానే చెప్పండి. అది విని వెనక్కి పోయే సంబంధం పోతేనే మంచిది.

కాగితాల సంగతి కూడా వాయిదా వేయకండి. సంరక్షకుడిగా గుర్తించమని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టులో అర్జీ వేయొచ్చు. దత్తత తీసుకోవాలనుకుంటే, 2015 బాలల న్యాయ చట్టం మేనమామను కూడా బంధువుగానే గుర్తిస్తుంది. ఐదేళ్లు దాటిన పిల్లాడి సమ్మతి కూడా అడుగుతారు, కాబట్టి ముందు ఆ నిజం చెప్పేశాకే దత్తత మాట ఎత్తండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పిల్లల కేసులకు ఉచితంగా లాయరు సాయం దొరుకుతుంది.

ఇంకొక్కటి. వాడు అమ్మను మరిచిపోతే మీకు దగ్గరవుతాడని ఎప్పుడూ అనుకోకండి. ఏటా గంగమ్మ జాతరకు కొండ మీంచి వెంకన్న తన చెల్లెలు గంగమ్మకు సారె పంపే ఊరు మనది. మీ అక్క ఫొటో బీరువాలో ఉండకూడదు. ఈ రోజే తీసి హాల్లో పెట్టండి, మేకు ఎక్కడ కొట్టాలో వాడినే అడగండి.