గ్లూకోజ్ నీళ్లు ఇస్తే చాలదా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు. గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లు తాగిస్తున్నా తగ్గడం లేదు. మెడికల్ షాపులో అడిగి, విరేచనాలు కట్టే మాత్ర సగం చొప్పున రెండుసార్లు వేశాం. పొద్దుటి నుంచి ఒక్కసారే మూత్రానికి వెళ్లాడు. ఓఆర్‌ఎస్ ఉప్పగా ఉందని ఉమ్మేస్తున్నాడు. అసలు అందులో ఉప్పెందుకు? గ్లూకోజ్ ఒక్కటే సరిపోదా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఉప్పు సంగతి తర్వాత చెబుతానమ్మా. పొద్దుటి నుంచి ఒక్కసారే మూత్రం అన్నారు, నా కంగారంతా అక్కడే. బాబును ఈ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. కళ్లు లోతుకు పోయినా, మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం పడినా, పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే ముడత వెంటనే సర్దుకోకపోయినా ఇక ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. చూడకుండా ఇంతకన్నా చెప్పలేను.

ఆ మాత్ర ఇక వేయకండి. పేరు రాయలేదు గానీ, లోపెరమైడ్ రకమైతే చిన్నపిల్లలకు ఇవ్వకూడనిది. పేగు కదలిక మందగించి పొట్ట ఉబ్బుతుంది, మగత వస్తుంది. విరేచనం ఆగినట్టే కనిపిస్తుంది, నీరేమో పేగులోనే చేరుతుంటుంది. పెద్దవాళ్ల మాత్రను సగం చేస్తే పిల్లల మందు అయిపోదమ్మా.

ఇక ఉప్పు. పేగు లోపలి కణాల పైపొర, అంటే కణత్వచం, రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడింది. ఉప్పు, గ్లూకోజ్ నీళ్లలో కరిగేవి కాబట్టి ఆ కొవ్వును దాటలేవు. వాటిని దాటించడానికి పొరలో ప్రోటీన్లు ఉంటాయి. అందులో ఎస్‌జీఎల్‌టీ1 అనేది ఉప్పులో ఉండే సోడియం అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణికలు) రెండింటిని, ఒక గ్లూకోజ్ అణువును జతగానే లోపలికి తీసుకుంటుంది. కణానికి అవతలి వైపున్న పంపు మూడు సోడియంలను రక్తం వైపు తోసి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. అందుకే కణంలో సోడియం ఎప్పుడూ తక్కువే, పేగులోది లోపలికి వస్తూనే ఉంటుంది. వాటి వెంట నీరూ వస్తుంది. కలరాలో ఉప్పులోని మరో భాగమైన క్లోరైడ్ బయటికి పోయే ద్వారాలు తెరుచుకుని నీరు ధారగా పోతున్నా ఈ జత రవాణా దెబ్బతినదు. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఈ దారిలోనే. సోడియం చాలకపోతే గ్లూకోజ్ పేగులో మిగిలి నీటిని తనవైపు లాగుతుంది. చిక్కగా కలిపితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. పోయిన ఉప్పు భర్తీ కాక రక్తంలో సోడియం బాగా పడిపోతే ఫిట్స్ రావచ్చు.

ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. లీటరు ప్యాకెట్‌ను కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి, సగం నీళ్లు అని అందాజాగా వద్దు. రుచి కోసం చక్కెర, జ్యూస్ కలపకండి. 24 గంటలు దాటితే పారబోయండి. ఉమ్మేస్తుంటే నిమిషానికో చెంచా పట్టండి. వాంతయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ ఇంకాస్త నెమ్మదిగా మొదలుపెట్టండి. ప్రతి విరేచనం తర్వాత 100 నుంచి 200 మిల్లీలీటర్లు వెళ్లాలి. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తీపి టెట్రా ప్యాక్‌లు దీనికి పనికిరావు. పానీయాల మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది కూడా.

జింక్ సాధారణంగా ఈ వయసుకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు ఇస్తారు. మీ డాక్టరును అడిగే మొదలుపెట్టండి. అన్నం, పెరుగు, అరటిపండు మానిపించకండి. వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లి, ఎంత వేశారో, ఎన్ని గంటలకు వేశారో దాచకుండా చెప్పండి.